కార్బురేటర్ 800 స్లోలో నిలబడటం లేదు: తప్పు పెట్రోల్‌దా, బండిదా?

పాలమూరు_800:
నాది 1997 మోడల్ మారుతీ 800, ఏపీ 22 నంబరు. పొద్దున చోక్ లాగితేనే స్టార్ట్ అవుతుంది. చోక్ లోపలికి నొక్కగానే ఆగిపోతుంది. సగం లాగి ఉంచితే మాత్రం ఎంతసేపైనా తిరుగుతుంది. ఇంజను వేడెక్కాక కూడా యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీస్తే, అంటే స్లోలో, ఆఫ్. కానీ జడ్చర్ల దాటి హైవే ఎక్కితే ఏ ఇబ్బందీ లేదు, పికప్ బాగుంది. ప్లగ్గులు, ఎయిర్ ఫిల్టర్ కొత్తవి. మా దగ్గరి మెకానిక్ ఇదంతా 20 శాతం ఇథనాల్ పెట్రోల్ వల్లేనని, పెట్రోల్‌ను గాలితో కలిపే కార్బురేటర్ మొత్తం మార్చాలని అంటున్నాడు. నిజమేనా?

వనపర్తి_సార్:
నూటికి నూరు పాళ్లు పెట్రోలే. ఇథనాల్‌లో బరువు ప్రకారం మూడో వంతుకు పైగా ఆక్సిజనే ఉంటుంది. అది కలిసిన పెట్రోల్‌కు తక్కువ గాలి చాలు. కొత్త బండ్లలో సెన్సర్ చూసుకుని పెట్రోల్ పెంచుతుంది. కార్బురేటర్‌కు ఆ తెలివి ఎక్కడిది? పెట్రోల్ వచ్చే జెట్ రంధ్రం ఎంత ఉంటే అంతే పోస్తుంది. అందుకే మిశ్రమంలో పెట్రోల్ తక్కువై, గాలి ఎక్కువై పలచబడుతుంది. పైగా ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది, పాత రబ్బరును తింటుంది. నా బండిలో పెట్రోల్ పైపు మెత్తబడి, పంపు డయాఫ్రం చెడింది. ఇవన్నీ 2023కు ముందు లేని రోగాలు.

జడ్చర్ల_భాయ్:
అమ్మేసి కార్బురేటర్ లేని సెకండ్ హ్యాండ్ ఇంజెక్షన్ బండి తీసుకో అన్నా. టెన్షన్ ఉండదు.

షెడ్డు_నల్గొండ:
సార్ చెప్పిన కెమిస్ట్రీ తప్పని నేను అనను. కానీ ఆ తమ్ముడు ఇచ్చిన గుర్తులు చూడండి. చోక్ లాగితే గాలి తగ్గుతుంది. సగం లాగితే నిలబడుతోంది అంటే మిశ్రమం పలచనగా ఉంది, అంతవరకు ఒప్పుకుందాం. పెట్రోల్ వల్లే అయితే హైవే మీద కూడా తేడా తెలియాలి కదా? అక్కడ బాగుంది అంటున్నాడు.

స్లోలో గాలి దారిని మూసి తెరిచే బటర్‌ఫ్లై రేకు దాదాపు మూసుకుని ఉంటుంది. ఇంజను పీల్చే గాలి చాలా కొంచెం. అందులో కార్బురేటర్ కింది ప్యాకింగ్ దగ్గరో, పగిలిన వ్యాక్యూమ్ పైపు దగ్గరో దొంగ గాలి చొరబడితే బండి ఆగిపోతుంది. రేజ్ చేశాక లోపలికి పోయే గాలి ముందు ఆ లీకు లెక్కలోకి రాదు. స్లోకు పెట్రోల్ ఇచ్చే స్లో జెట్ మూసుకుపోయినా ఇవే గుర్తులు, ఎందుకంటే స్పీడులో పెట్రోల్ మెయిన్ జెట్ నుంచి వస్తుంది.

తమ్ముడూ, కార్బురేటర్ మార్చకు. ముందు కీ ఆన్‌లో పెట్టి, ఇంజను స్టార్ట్ చేయకుండా, కార్బురేటర్ పక్కనున్న సోలినాయిడ్ (కరెంటుతో తెరుచుకునే చిన్న వాల్వు) వైరు తీసి మళ్లీ తగిలించి చూడు. టిక్ మని వినపడాలి. వినపడకపోతే వైరులో కరెంటు రావడం లేదు, లేదా సోలినాయిడే పోయింది. అది తెరుచుకోకపోతే స్లోకు పెట్రోల్ దొరకదు.

టిక్ వస్తే, ఇంజను చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసి, చోక్ సగంలో పెట్టి, కార్బురేటర్ అడుగున, వ్యాక్యూమ్ పైపుల చివర్లలో క్లీనర్ స్ప్రే కొంచెం కొంచెం కొట్టు. ఎక్కడ కొట్టినప్పుడు ఇంజను చప్పుడు మారుతుందో అక్కడే లీకు. వేడి ఇంజను మీద కొట్టకు, మంటలు లేస్తాయి. స్లో జెట్ విప్పితే గాలితోనే ఊదించు, తీగ గుచ్చకు. రంధ్రం పెద్దదైతే ఆ జెట్ ఇక పనికిరాదు.

వనపర్తి_సార్:
బాగుంది. మరి ఆ వ్యాక్యూమ్ పైపు ఎందుకు పగిలింది? ఇథనాల్ వల్ల కాదా?

షెడ్డు_నల్గొండ:
వ్యాక్యూమ్ పైపులో పెట్రోల్ పారదు సార్. ఇంజను వేడికి, వయసుకు ఎండిపోతుంది. 1997 రబ్బరు అది.

వనపర్తి_సార్:
ఆవిరి పోదా? కార్బురేటర్ నుంచి ఇంజనులోకి పోయే గొట్టం, ఆ మానిఫోల్డ్‌లో ఉన్నది పెట్రోల్ ఆవిరే కదా?

షెడ్డు_నల్గొండ:
గాలి పైపులోంచి మానిఫోల్డ్‌లోకి పోతుంది, అక్కడి నుంచి పైపులోకి రాదు.

దేవరకొండ_అంబాసిడర్:
ఆవిరి సంగతి తర్వాత. వాల్వుల మధ్య సందు (క్లియరెన్సు), ప్లగ్గులకు కరెంటు పంపే పాయింట్లు చూశారా ఎవరైనా?

వనపర్తి_సార్:
మెకానిక్‌లు పెట్రోల్‌ను వెనకేసుకురావడం నాకు కొత్తగా ఉంది. నా అనుభవం చెప్తాను. ఇదే రోగానికి ఒక షెడ్డులో కార్బురేటర్ మార్పించారు. డబ్బు కట్టాను. వారం తిరక్కముందే మళ్లీ అదే. ఇంకో చోట ప్లగ్గులు, కాయిల్, కేబుళ్లు మార్చారు. చివరికి ఒక కుర్రాడు చూస్తే సోలినాయిడ్ వైరు ఊడి ఉంది. ఊడిన వైరు తగిలించడానికి నా పెన్షన్ డబ్బు అంతా పోసుకున్నాను. అందుకే మీరెవరు ఏం చెప్పినా నాకు నమ్మకం లేదు.

షెడ్డు_నల్గొండ:
ఆ కుర్రాడికి ఎంత ఇచ్చారు సార్?

వనపర్తి_సార్:
వైరు తగిలించినందుకు ఎంత ఇస్తారు? చాయ్ డబ్బులు ఇచ్చాను.

షెడ్డు_నల్గొండ:
అదీ సంగతి. కార్బురేటర్ మార్చి తప్పు చేసినవాడికి వేలు ఇచ్చారు. రోగం పట్టుకున్నవాడికి చాయ్ డబ్బులు. నేను పూట మొత్తం కూర్చొని ఒక లీకు పట్టుకుంటే, పది రూపాయల ప్యాకింగ్ కదా, ఇంతెందుకు అంటారు. పార్టు చేతిలో పెడితేనే డబ్బు బయటికి వస్తుంది. షెడ్డు అద్దె కట్టాలంటే మెకానిక్ ఏం నేర్చుకుంటాడు? పార్టులు మార్చడమే నేర్చుకుంటాడు. కార్బురేటర్ ట్యూనింగ్ తెలిసిన పాతవాళ్లు ఒక్కొక్కరే మానేస్తున్నారు, పిల్లలకు నేర్పడం లేదు. దీనికి ఇథనాల్ కారణం కాదు సార్.

మిర్యాలగూడ_మిల్లు:
మేస్త్రి మాట నిజం. మా దగ్గర మిల్లు మోటార్లకూ ఇదే గోల.

వనపర్తి_సార్:
మీ బాధ అర్థమైంది. కానీ వెతికినందుకు డబ్బు ఇవ్వాలంటే, వెతికారని నాకెలా తెలుస్తుంది? బానెట్ ఎత్తి బీడీ తాగినా ఒక పూటే. పార్టు అయితే కంటికి కనిపిస్తుంది, పాతది చేతికి వస్తుంది.

షెడ్డు_నల్గొండ:
పక్కన నిలబడి చూడండి. నేను వద్దని అననే అనను.

పాలమూరు_800:
చెప్పినట్టే చేశాను. టిక్ వచ్చింది. కార్బురేటర్ అడుగున ఇంజను వైపు స్ప్రే కొడితే చప్పుడు మారింది. నట్లు పట్టి చూస్తే రెండు వదులుగా ఉన్నాయి. బిగించాక తేడా ఉంది, కానీ చోక్ పూర్తిగా నొక్కితే ఇంకా వణుకుతోంది.

షెడ్డు_నల్గొండ:
ప్యాకింగ్ మార్చాలి. అడుగు భాగం వంగిందేమో స్కేలు పెట్టి చూడాలి. నట్లు ఇంకా గట్టిగా బిగించకు, అల్యూమినియం కదా, వంగుతుంది. గాలి, పెట్రోల్ పాళ్లు సరిచేసే మిక్చర్ స్క్రూ ఇప్పుడు ముట్టుకోకు. లీకు పోయాకే దాని పని. ఆదివారం నల్గొండ తీసుకొస్తే చూస్తాను. రోగం దొరికినా దొరక్కపోయినా చూసినందుకు ఐదు వందలు, పార్టులు వేరే.

వనపర్తి_సార్:
దొరక్కపోయినా ఐదు వందలా? అది మాత్రం నేను ఒప్పుకోను. దొరికితే వెయ్యి ఇవ్వమను, ఇస్తాను.

షెడ్డు_నల్గొండ:
డాక్టరు దగ్గర కూడా అలాగే అడుగుతారా సార్?

పాలమూరు_800:
నేను ఆదివారం వస్తున్నాను అన్నా. ప్యాకింగ్ ఇక్కడే కొనుక్కురావాలా, అక్కడ దొరుకుతుందా?