బయోమెడికల్ ఇంజనీరింగ్‌లో నాలుగు ఎలక్టివ్‌లు: ఏవి తీసుకోవాలి?

ప్రశ్న (మూడో ఏడు విద్యార్థిని)

నమస్తే అండి. బయోమెడికల్ మూడో సంవత్సరం పూర్తవబోతోంది. చివరి ఏడాదికి నాలుగు ఎలక్టివ్‌లు ఎంచుకోవాలి. మాకిచ్చిన లిస్టు ఇది: బయోసిగ్నల్ ప్రాసెసింగ్, మెడికల్ ఇమేజింగ్, మెషిన్ లెర్నింగ్, డీప్ లెర్నింగ్, ఎంబెడెడ్ సిస్టమ్స్, బయోమెటీరియల్స్, బయోమెకానిక్స్, టిష్యూ ఇంజనీరింగ్, వైద్య పరికరాల భద్రత.

క్లాసులో చాలామంది మెషిన్ లెర్నింగ్, డీప్ లెర్నింగ్ రెండూ పెట్టేసి, మిగతా రెండూ మార్కులు తేలిగ్గా వచ్చేవి చూసుకుంటున్నారు. నాకేమో ల్యాబ్‌లో ఈసీజీ ఆంప్లిఫయర్ కట్టడం బాగా నచ్చింది. పరికరాలు తయారుచేసే పనిలోకే వెళ్లాలని ఉంది. కానీ ఫూరియర్, లాప్లాస్ ట్రాన్స్‌ఫార్మ్‌ల లెక్కలంటే టెన్షన్. సీనియర్లు ఎవరైనా దారి చెప్పండి.

జవాబు 1 (తరంగం)

నేను పేషెంట్ మానిటర్లలో వాడే అల్గారిథమ్‌లను పరీక్షించే పనిలో ఉన్నాను. ఆంప్లిఫయర్ కట్టడం నచ్చిందన్నారు కదా, అయితే మొదటి ఎలక్టివ్ బయోసిగ్నల్ ప్రాసెసింగే. అందులో నాకు సందేహమే లేదు.

ఫూరియర్‌కి భయపడకండి, మీరు కట్టిన సర్క్యూట్‌లోనే అది ఉంది. చర్మం మీద దొరికే ఈసీజీ సుమారు ఒక మిల్లీవోల్టు. దాని మీద కరెంటు లైన్ నుంచి వచ్చే 50 లేదా 60 హెర్ట్జ్ రొద, ఊపిరితో పాటు మెల్లగా పైకీ కిందకీ ఊగే బేస్‌లైన్, కండరాల అలజడి, అన్నీ వచ్చి పడతాయి. వీటిలో ఏది ఏ ఫ్రీక్వెన్సీలో ఉంది, దేన్ని తీసేస్తే గుండె సమాచారం కూడా పోతుంది అని తేల్చుకోవడానికే ఆ లెక్కలన్నీ. చేతిలో సిగ్నల్ పెట్టుకుని చదివితే ఫూరియర్ ఒంటపడుతుంది.

ఒక ఉదాహరణ చెప్తాను, ఇది నాకు చాలా ముఖ్యమైన విషయం. మంచం పక్కన ఉండే మానిటర్ సాధారణంగా 0.5 నుంచి 40 హెర్ట్జ్ వరకే చూపిస్తుంది, గీత ఊగకుండా నిలకడగా ఉండాలని. రోగ నిర్ధారణకు తీసే ఈసీజీ మాత్రం 0.05 నుంచి 150 హెర్ట్జ్ వరకు ఉంచుతుంది. ఎందుకంటే కింది హద్దును పెంచితే ఈసీజీ గీతలో ఎస్‌టీ సెగ్మెంట్ అనే భాగం ఆకారం మారిపోవచ్చు. గుండెపోటు ఉందా లేదా అని డాక్టర్లు చూసేది సరిగ్గా ఆ ముక్కనే. ఇది తెలియనివాళ్లు రెండు రకాల రికార్డింగులనూ కలిపి మెషిన్ లెర్నింగ్ మోడల్‌కి నేర్పుతారు. మా దగ్గరికి అలాంటి మోడల్ ఒకటి పరీక్షకు వచ్చింది. స్కోరు అద్భుతం. తీరా లోతుగా చూస్తే జబ్బున్నవాళ్ల రికార్డింగులు ఎక్కువగా ఒక మెషిన్ నుంచి, లేనివాళ్లవి ఇంకో మెషిన్ నుంచి వచ్చాయి. మోడల్ నేర్చుకున్నది జబ్బును కాదు, ఫిల్టర్‌ని.

అందుకే మెషిన్ లెర్నింగ్ తీసుకోండి, కానీ సిగ్నల్ ప్రాసెసింగ్ తర్వాతి సెమిస్టర్‌లో. డీప్ లెర్నింగ్ ఇప్పుడు అక్కర్లేదు, పునాది ఉంటే తర్వాత సొంతంగా చదువుకోవచ్చు. మూడోది ఎంబెడెడ్ సిస్టమ్స్, అంటే పరికరం లోపల ఉండి దాన్ని నడిపే చిన్న కంప్యూటర్ల కోర్సు.

నాలుగోది ఎవరూ తీసుకోని వైద్య పరికరాల భద్రత. థెరాక్-25 గురించి చదవండి. 1985 నుంచి 1987 మధ్య ఆ రేడియేషన్ యంత్రం ఆరుగురికి ప్రమాదకరమైన ఓవర్‌డోస్ ఇచ్చింది, వాళ్లలో కొందరు చనిపోయారు. పాత మోడళ్లలో ఉన్న హార్డ్‌వేర్ ఇంటర్‌లాక్‌లను (ప్రమాదకర స్థితిలో యంత్రాన్ని నడవనివ్వని ఏర్పాట్లను) తీసేసి, ఆ భారమంతా సాఫ్ట్‌వేర్ మీద వేశారు. ఆపరేటర్ స్క్రీన్ మీద సెట్టింగులను చకచకా మార్చినప్పుడు బయటపడే లోపం ఒకటి ఆ సాఫ్ట్‌వేర్‌లో దాగి ఉంది. పరికరం తయారుచేయాలనుకునే ప్రతి ఒక్కరికీ ఈ కథ తెలిసి ఉండాలని నా పట్టుదల.

జవాబు 2 (ఎముక_ఇంప్లాంట్)

తరంగం గారు చెప్పింది మీకు సరిపోతుంది. ఒక్క ఎంబెడెడ్ దగ్గరే నేను ఒప్పుకోను. ఒక చిన్న బోర్డు తెచ్చుకుంటే సెలవుల్లో అది చాలావరకు వచ్చేస్తుంది. దాని బదులు మెడికల్ ఇమేజింగ్ తీసుకోండి, దాన్ని సొంతంగా నేర్చుకోవడం కష్టం. పైగా ఎమ్మారైలో స్కానర్ పోగుచేసేది నేరుగా బొమ్మను కాదు, దాని ఫూరియర్ రూపాన్ని. ఒకే లెక్క రెండు చోట్ల కనిపిస్తే బాగా అర్థమవుతుంది.

సర్క్యూట్లు నచ్చనివాళ్లు ఇది చదువుతుంటే వాళ్లకో మాట: బయోమెకానిక్స్, బయోమెటీరియల్స్ విడివిడిగా కాక జంటగా తీసుకోండి. టైటానియం స్టిఫ్‌నెస్ (బరువు పడినా సాగకుండా, వంగకుండా నిలిచే గుణం) 110 గిగాపాస్కల్స్ దాకా ఉంటుంది, గట్టి ఎముకది సుమారు 20. ఇంప్లాంట్ బరువంతా తానే మోసేస్తే చుట్టూ ఉన్న ఎముకకి పని లేక పలచబడుతుంది. ఇది ఒక్క సబ్జెక్టుతో అర్థమయ్యే సమస్య కాదు.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ చాలా థాంక్స్ అండి. ఒక్క అనుమానం. మా దగ్గర భద్రత కోర్సు అంటే ప్రమాణాల పేర్లు, నంబర్లు బట్టీపట్టడమేనని సీనియర్లు అంటున్నారు. అయినా తీసుకోవాలా?

జవాబు (తరంగం)

తీసుకోండి. కోర్సు ఎలా చెప్పినా, మీ ఈసీజీ ఆంప్లిఫయర్‌నే పక్కన పెట్టుకుని చదవండి. ఐఎస్‌ఓ 14971 రిస్క్ గురించి చెప్తుంది కదా, మీ సర్క్యూట్‌లో ఏ భాగం పాడైతే మనిషికి ఏమవుతుందో ఒక పట్టిక రాయండి. వైద్య విద్యుత్ పరికరాల భద్రతా ప్రమాణం ఐఈసీ 60601-1 ప్రకారం, నేరుగా గుండెకు తగిలే భాగం ద్వారా మామూలు స్థితిలో రోగికి చేరే లీకేజీ కరెంటు 10 మైక్రోఆంపియర్లు దాటకూడదు, ఒక లోపం వచ్చిన స్థితిలో 50 దాటకూడదు. ఎలక్ట్రోడ్లు చర్మం మీదే ఉన్నా ఈసీజీ ఇన్‌పుట్‌ని సాధారణంగా ఈ హద్దులకే తయారుచేస్తారు. మీ సర్క్యూట్‌లో ఐసొలేషన్ (రోగిని కరెంటు సరఫరా నుంచి వేరుగా ఉంచే ఏర్పాటు) ఉందా? లేకపోతే అదే మీ ప్రాజెక్టు. అప్పుడు ఆ నంబర్లను బట్టీపట్టే పనే ఉండదు.

ఇమేజింగా, ఎంబెడెడా అన్నది మాత్రం ల్యాబ్ చూసి తేల్చుకోండి. ఇమేజింగ్ కోర్సులో నిజమైన స్కాన్ డేటాతో చేయిస్తుంటే జవాబు 2 మాటే సరైనది. ఉత్త థియరీ అయితే ఎంబెడెడ్‌కే వెళ్లండి. రిజిస్ట్రేషన్‌కి ముందు రెండు కోర్సుల ల్యాబ్ మాన్యువల్స్ అడిగి తెచ్చుకుని ఇక్కడ రాయండి, కలిసి చూద్దాం.