1/200 బిస్మార్క్‌కు ఇత్తడి ఎచింగ్ భాగాలు: జిగురా, టంకమా? రంగుకు ముందా, తరువాతా?

నాగావళి ఒడ్డు (శ్రీకాకుళం) అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. బడి నుంచి వచ్చాక దొరికే తీరికలో ఏడాదిన్నరగా ట్రంపెటర్ కంపెనీ వారి 1/200 (అసలులో రెండు వందో వంతు) కిట్టుతో, రెండో ప్రపంచ యుద్ధం నాటి జర్మన్ యుద్ధనౌక బిస్మార్క్ నమూనాను కడుతున్నాను. అసలు నౌక పొడవు 251 మీటర్లు కాబట్టి నమూనా నాలుగడుగులు దాటింది. మా ఇంట్లో దివాన్ మంచం తప్ప దాన్ని పెట్టడానికి మరో చోటు లేకపోవడం వల్ల వచ్చిన చుట్టాలందరూ కుర్చీల్లోనే కూర్చుంటున్నారు. హల్ (ఓడ మొండెం), డెక్కు, నాలుగు ప్రధాన టరెట్లు (తిరిగే ఫిరంగి గూళ్లు) పూర్తయ్యాయి. ఇప్పుడు విడిగా తెప్పించుకున్న ఎచింగ్ రేకులు ముందు పెట్టుకుని కూర్చున్నాను.

ఈ రేకులు ఎలా తయారవుతాయో చదివి తెలుసుకున్నాను. పలుచని ఇత్తడి రేకుకు కాంతి తగిలితే గట్టిపడే పూత పూసి, బొమ్మ ఉన్న ఫిల్మును దానిమీద ఉంచి కాంతి ప్రసరింపజేసి, పూత నిలవని చోట లోహాన్ని ఫెర్రిక్ క్లోరైడ్ వంటి ద్రావణంతో తినిపిస్తారు. తెలుసుకున్నంత తేలికగా అతికించడం మాత్రం సాధ్యం కావడం లేదు. మొదటిది, వెనుక డెక్కు అంచున రెయిలింగు ముక్కను సూపర్ గ్లూతో అతికిస్తే మర్నాటి ఉదయానికి చుట్టూ తెల్లటి బూడిద పూసినట్టు మచ్చ వచ్చింది. రెండవది, నిచ్చెనల పక్క పట్టీలను మడిచేటప్పుడు రెండు విరిగిపోయాయి. మూడవది, ఇవన్నీ రంగు వేయక ముందు పెట్టాలో, వేశాక పెట్టాలో తేల్చుకోలేకపోతున్నాను. టంకం వేస్తే గట్టిగా ఉంటుందని ఒకరు చెప్పారు గాని, ప్లాస్టిక్ పక్కన వేడి కడ్డీ పట్టుకోవడానికి ధైర్యం చాలడం లేదు. అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.

గంటస్తంభం (విజయనగరం) ఇచ్చిన జవాబు:

మాస్టారూ, ఆ తెల్ల మచ్చ మీ చేతి లోపం కాదు, మన గాలిలోని తేమది. సూపర్ గ్లూ, అంటే సయనోఅక్రిలేట్, గాలిలోనూ అతికించే ఉపరితలం మీదా ఉండే తేమ తగిలే గట్టిపడుతుంది. గట్టిపడక ముందు దానినుంచి లేచే ఆవిరి కూడా అదే తేమతో కలిసి, పక్కనున్న ప్లాస్టిక్ మీద తెల్లటి పొడిగా వాలుతుంది. జిగురు ఎక్కువైనా, గాలి కదలకపోయినా, వానాకాలమైనా మచ్చ ఎక్కువవుతుంది. మీకు మూడూ ఒక్కసారే కలిసి వచ్చాయని అనుకుంటున్నాను. ఆ మచ్చ రంగు కింద కనిపించదు కాబట్టి దిగులు పడకండి. రంగు వేశాక వస్తే మాత్రం మ్యాట్ వార్నిష్ ఒక పూత వేస్తే చాలావరకు అణగిపోతుంది.

ఒక చిన్న పక్కమాట. బిస్మార్క్ 1941 మే 27న మునిగింది. ఆ మరుసటి ఏడాది అమెరికాలో హ్యారీ కూవర్ బృందం తుపాకీ గురి సాధనాల కోసం పారదర్శకమైన ప్లాస్టిక్కును వెతుకుతూ ఈ జిగురు పదార్థాన్ని కనుగొని, తాకిన ప్రతిదానికీ అంటుకుపోతోందని పక్కన పడేసింది. వారు విసుక్కున్న గుణమే నేడు మన ఓడల రెయిలింగులను నిలబెడుతోంది.

ఇక పనిలోకి వస్తాను. జిగురును సీసా మూతి నుంచి నేరుగా ఎప్పుడూ వేయకండి. టాబ్లెట్ల రేకు ముక్క మీద ఒక్క చుక్క వేసుకోండి. కుట్టుసూది చెవి కొనను కత్తిరించి, మిగిలిన రెండు కొమ్మల చీలికను ఆ చుక్కలో ముంచితే, కొమ్మల నడుమ ఆవగింజలో పావు వంతు జిగురు నిలుస్తుంది. దాన్ని రెయిలింగు కాలి మొదట తాకిస్తే చాలు, జిగురు తనంతట తానే సందులోకి పాకిపోతుంది. అంతకు ముందు ముక్క జారకుండా ఉండేందుకు తెల్ల ఫెవికాల్‌ను కాళ్ల దగ్గర అక్కడక్కడా చుక్కలుగా పెట్టి, నింపాదిగా సరిచేసుకుని, అది ఆరిన తరువాత సూపర్ గ్లూ పట్టించండి. ఒకే దెబ్బలో అతికించాలన్న ఆశ వల్లనే వంకరలు వస్తాయి.

సీసాను మందు డబ్బాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలతో కలిపి గట్టి మూత ఉన్న స్టీలు డబ్బాలో దాచండి. ఫ్రిజ్‌లో పెట్టే అలవాటుంటే, బయటికి తీశాక గది వేడికి వచ్చేవరకు మూత తెరవకండి, లేకుంటే చల్లటి సీసా లోపలే తేమ పడుతుంది. ఇంకో కష్టం ఉంది. ఈ జిగురు ఆవిరి కళ్లను మండిస్తుంది కాబట్టి కిటికీ తెరవాలి, ఫ్యాను వేయాలి; ఫ్యాను వేస్తే మిల్లీమీటరు ముక్కలు ఎగిరిపోతాయి. నేను చాలాకాలం ఫ్యాను ఆపి చెమటలు కక్కుతూ పని చేశాను. ఇప్పుడు ఫ్యానును గది బయటి వైపుకు తిప్పి, పని బల్లను దాని వెనుక వేసుకున్నాను.

బుడితి మనవడు (శ్రీకాకుళం) ఇచ్చిన జవాబు:

మడతలు విరిగిన సంగతి గురించి నాలుగు మాటలు చెబుతాను. మా తాతగారు బుడితిలో ఇత్తడి, కంచు పాత్రల పని చేసేవారు. ఆయన చెంబు అంచును వంచే ముందు ఇత్తడిని కాల్చి మెత్తబరిచేవారు. మీ రేకుకూ అదే వర్తిస్తుంది. రోలర్ల మధ్య నొక్కి తీసిన ఇత్తడి రేకు బిరుసుగా ఉంటుంది. దాన్ని చీకటి గదిలో గ్యాసు పొయ్యి మంట మీద, మసక ఎరుపు అప్పుడే తొంగిచూసే వరకు మాత్రమే వేడిచేసి చల్లారనిస్తే, అది తీగలా వంగుతుంది. ఉక్కులా ఇత్తడి నీటిలో ముంచితే గట్టిపడదు కాబట్టి, ముంచినా భయం లేదు. అయితే చెంబుకూ రేకుకూ ఎంతో తేడా ఉంది. 0.15 మిల్లీమీటర్ల రేకు ఒక్క క్షణం ఎక్కువసేపు మంటలో ఉంటే, ముక్కలను పట్టి ఉంచే చుట్టూ చట్రంతో సహా కరిగి ముద్దవుతుంది. మొదట పక్కన పారేసే అంచు పట్టీ మీద ప్రయత్నించండి. ఇంకో మాట: మెత్తబరచిన రేకు వంపు తిరగాల్సిన రెయిలింగుకు బాగుంటుంది గాని, నిటారుగా నిలవాల్సిన నిచ్చెనకూ పెట్టెలాంటి మడతకూ బిరుసు రేకే మంచిది.

మడత పడాల్సిన చోట రేకులో, ద్రావణం సగం లోతు మాత్రమే తిన్న గీత ఉంటుంది. సాధారణంగా ఆ గీత మడత లోపలి వైపుకు రావాలి. మీరు గీతను బయటికి పెట్టి వంచారేమో అని నా అనుమానం. స్టీలు స్కేలు కింద రేకును అదిమిపట్టి, రెండో వైపు నుంచి గడ్డం బ్లేడును గీత పొడవునా ఒకేసారి పైకెత్తాలి. ఒకసారి వంచి, బాగాలేదని వెనక్కి వంచి, మళ్లీ ముందుకు వంచితే ఇత్తడి అలసి విరుగుతుంది. విరగకుండా నిలిచిన మడత లోపల సన్నగా జిగురు పారిస్తే కోణం స్థిరపడుతుంది.

చట్రం నుంచి ముక్కను కోసేటప్పుడు కింద కటింగ్ మ్యాట్ వద్దు. మెత్తటి మ్యాట్‌లోకి బ్లేడు దిగి, ముక్క అంచు కిందికి వంగిపోతుంది. నాపరాయి పలకో, గాజు పలకో వాడండి. ముక్క మీద వేలు ఆనించి కోయండి, లేకపోతే టిక్కుమని ఎగిరి, మర్నాడు చీపురుకే దొరుకుతుంది. పట్టుకోవడానికి కంసాలి అంగడిలో దొరికే సన్న కొన శ్రావణం కొనుక్కోండి. దాని చివర రెండు కొనలూ చక్కగా కలుస్తాయి. చట్రపు మొండి మిగిలితే సన్నటి ఆకురాయితో ముక్క పొడవు వెంట రుద్దండి, అడ్డంగా రుద్దితే ముక్క చుట్టుకుపోతుంది.

ఇక టంకం. ఇత్తడికి ఇత్తడి అతికించే చోట దాన్ని మించింది లేదు, నేను జిగురు పక్షం కాదు. తగరం సీసం కలిసిన 63/37 టంకం 183 డిగ్రీల దగ్గర కరుగుతుంది. మీ కిట్టు పాలీస్టైరీన్ దాదాపు 100 డిగ్రీలకే మెత్తబడుతుంది. కాబట్టి రాడార్ చట్రం, క్రేను కడ్డీలు వంటివాటిని విడిగా, చెక్కపలక మీద, టంకంతో పూర్తిచేసి, చల్లారాక మాత్రమే ఓడ మీదికి చేర్చాలి. కంసాలులు వెండి బంగారాలకు వాడే వెలిగారం ఇక్కడ అక్కర్లేదు. రేడియో రిపేరు అంగళ్లలో దొరికే సోల్డరింగ్ పేస్టును సూది మొనతో తాకిస్తే సరిపోతుంది. పని ముగిశాక పేస్టును కడిగి తీరాలి, లేకపోతే కొన్నాళ్లకు పచ్చటి చిలుము పడుతుంది. మా ఇంట్లో చింతపండు రసంలో పది నిమిషాలు నానబెట్టి, కుంచెతో రుద్ది కడుగుతాం. రంగు పట్టడానికి కూడా ఈ శుభ్రత అవసరం. ఇత్తడికి నేరుగా రంగు నిలవదు, రంగుకు ముందు వేసే అడుగు పూత, మెటల్ ప్రైమర్, తప్పదు.

చీపురుపల్లి (విజయనగరం జిల్లా) ఇచ్చిన జవాబు:

పైవారి మాటలతో నాకు విభేదం లేదు. కాని అసలు ఏ భాగాన్ని ఇత్తడితో మార్చాలన్న ప్రశ్నకు జవాబు రాలేదు. విడిగా సెట్టు కొన్నామని ప్రతి ముక్కనూ పెట్టాల్సిన పనిలేదు. లెక్క చూడండి: 1/200 లో 0.15 మిల్లీమీటర్ల రేకు అసలు నౌకలో 3 సెంటీమీటర్ల మందం అవుతుంది. ఇనుప తలుపులకూ, జాలీలకూ, నిచ్చెనలకూ ఇది ప్లాస్టిక్ అచ్చు ఇవ్వలేని పలుచదనం. అదే రెయిలింగు స్తంభం గుండ్రటి కడ్డీ కదా. చిన్న స్కేలులో చూపు ఆనదు గాని, ఇంత పెద్ద నమూనాలో చదునైన రేకు పక్కనుంచి చూస్తే కత్తిరించిన రేకులాగే కనబడుతుంది. నేనైతే చూపు ఎక్కువగా పడే ముందు డెక్కు దగ్గర 0.2 మిల్లీమీటర్ల ఇత్తడి తీగతో స్తంభాలు నిలిపి, వాటికి సన్న నైలాన్ దారం కడతాను. అయితే ఓడ చుట్టుకొలత రెండున్నర మీటర్లు దాటుతుంది. ఎనిమిది మిల్లీమీటర్లకొక స్తంభం అనుకున్నా మూడు వందలకు పైగా నిలపాలి. అంత ఓపిక లేకపోతే మొత్తం రేకునే వాడండి. సగం తీగ, సగం రేకు పక్కపక్కన ఉండటం కన్నా అదే నయం.

ఇత్తడి తప్పనిసరిగా వాడాల్సిన చోటు ఒకటుంది: రాడార్ల పరుపు ఆకారపు ఏంటెన్నాలు. బిస్మార్క్‌కు ఇవి మూడు ఉండేవి. 1941 మే 23న బ్రిటిష్ క్రూయిజర్ నార్ఫోక్ మీద సొంత ప్రధాన ఫిరంగులు పేల్చిన అదురుకే ముందు రాడార్ పాడైంది, అందుకే వెంట ఉన్న జర్మన్ క్రూయిజర్ ప్రింజ్ ఆయిగెన్ ముందుకు వచ్చి దారి చూపాల్సి వచ్చింది. అంత సున్నితమైన చట్రాన్ని ముద్దగా ఉండే ప్లాస్టిక్‌తో చూపిస్తే న్యాయం జరగదు.

రంగు సంగతికి వస్తే, అంతా ఒకేసారి పెట్టి రంగు వేయడం, అంతా రంగు వేసి పెట్టడం రెండూ తప్పేనని నా అభిప్రాయం. డెక్కు మీది మేడలు, గన్ డైరెక్టర్లు (ఫిరంగులకు గురి చూపే గూళ్లు) వంటి వాటిని విడి విడి భాగాలుగా చేసుకుని, వాటి తలుపులు, జాలీలు ముందే అతికించి, వాటితోపాటే రంగు వేయండి. రెయిలింగులకు చట్రంలో ఉండగానే ప్రైమరు, రంగు స్ప్రే చేసి, డెక్కు పూర్తిగా రంగు పూసుకున్నాక చిట్టచివర పెట్టండి, ఎందుకంటే డెక్కు మీద ముందే నిలిపిన రెయిలింగు మన మోచేతికి తగలకుండా నెల రోజులు బతకడం నేను చూడలేదు. కాళ్ల దగ్గర జిగురు మెరిసిన చోట మాత్రం సన్న కుంచెతో మళ్లీ అద్దాలి. పొడవు కొలవడానికి డెక్కు అంచు మీద ట్రేసింగ్ కాగితం పరిచి, వేలితో నొక్కి గీత పడేలా చేసి, ఆ గీత మీదే రెయిలింగును ముందుగా వంచుకోండి.

నాగావళి ఒడ్డు (శ్రీకాకుళం) మళ్లీ రాసినది:

మీ ముగ్గురికీ కృతజ్ఞతలు. ఈ ఆదివారం ప్రయోగం చేశాను. బుడితి మనవడు గారు అనుమానించినట్టే నేను సగం గీతను బయటికి పెట్టి వంచుతున్నాను. లోపలికి పెట్టి వంచిన మూడు నిచ్చెనల్లో ఒక్కటీ విరగలేదు. కాల్చడంలో మాత్రం మొదటి పట్టీ కరిగి బఠాణీ గింజంత ముద్దయింది, రెండోది బాగా వచ్చింది. సూది చీలిక పద్ధతిలో వెనుక రెయిలింగును తీసి మళ్లీ పెట్టాను. పాత జిగురును తొలగించడానికి నెయిల్ పాలిష్ రిమూవర్ వాడబోయి, అసిటోన్ ప్లాస్టిక్‌ను కరిగిస్తుందని గుర్తొచ్చి ఆగి, బ్లేడు కొనతో గీకాను. ఈసారి తెల్ల మచ్చ దాదాపు లేదు.

తీగ స్తంభాల విషయంలో నాకు ధైర్యం చాలలేదు. రెయిలింగు అంతా రేకుతోనే పూర్తిచేసి, రాడార్లు మూడింటినీ టంకంతో చేస్తాను. శ్రావణం కోసం రేపు కంసాలి అంగడికి వెళ్తున్నాను. చీపురుపల్లి వారికి ఒక్క సందేహం: చట్రంలో ఉండగానే రంగు వేసిన రెయిలింగును డెక్కు అంచుకు తగినట్టు వంచేటప్పుడు రంగు పెచ్చులూడదా?

చీపురుపల్లి:

ముందు వంచి, తరువాత రంగు వేయండి. వంచిన ముక్కలను పాత థర్మాకోల్ మీద కాళ్లు గుచ్చి వరుసగా నిలబెడితే స్ప్రే అన్ని వైపులా పడుతుంది. తిన్నగా ఉండే ముక్కలు మాత్రం చట్రంలోనే ఉంచండి.