బీఎస్6 పికప్‌కి డీపీఎఫ్ తీయించేయమంటున్నారు, తీయించాలా వద్దా?

మారతహళ్ళి_మెస్:
అందరికీ నమస్కారం. బెంగళూరు మారతహళ్ళిలో చిన్న మెస్ నడుపుతున్నాను, ఆఫీసులకి భోజనాలు కూడా పంపుతాం. 2021లో బీఎస్6 (పొగ మీద కొత్త, కఠినమైన ప్రమాణం) డీజిల్ పికప్ తీసుకున్నాను, పసుపు బోర్డు. తెల్లవారుజామున మూడింటికి కేఆర్ మార్కెట్, మధ్యాహ్నం బెళ్ళందూరు, కుందలహళ్ళి. రోజంతా తిరిగినా 40 కిలోమీటర్లు దాటదు, అదీ ఫస్ట్, సెకండ్ గేర్లలోనే. ఆర్నెల్లుగా డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టరు) లైటు వచ్చి పోతోంది. మొన్న ట్రాఫిక్‌లో లింప్ మోడ్‌కి వెళ్ళిపోయింది, ఎంత తొక్కినా లాగదు. వెనక సాంబారు, ముందు హారన్లు. ఆరోజు రెండు ఆఫీసుల ఆర్డర్లు పోయాయి.

సర్వీస్‌లో ఫిల్టరు మార్చాలి, లక్షా పాతిక అన్నారు. బయట మెకానిక్ పాతికవేలకి లోపలి గుల్ల పగలగొట్టి, సాఫ్ట్‌వేర్ మార్చి, పవర్ కూడా పెంచి ఇస్తానన్నాడు. శనివారం బండి పెట్టమన్నాడు. పెట్టమంటారా?

నెల్లూరోడు:
పెట్టేయండి అన్నా. మా బావ తీయించాడు, ఇప్పుడు లైటూ లేదు, గొడవా లేదు.

టర్బోబాబు:
అన్నా, ముందు రెండు విషయాలు విడదీయండి. రీమ్యాప్ వేరు, డీపీఎఫ్ తీయడం వేరు. రీమ్యాప్ అంటే ఈసీయూలో, అంటే ఇంజన్ కంప్యూటర్‌లో, డీజిల్ ఎంతసేపు కొట్టాలి, టర్బో ఎంత గాలి నెట్టాలి, టార్క్ (లాగే బలం) ఎక్కడ ఆపాలి అన్న లెక్కలు మార్చడం. ట్యూనింగ్ బాక్స్ అని చవకగా దొరికేది పెట్టించకండి. అది రైల్ ప్రెషర్‌ని (ఇంజెక్టర్లకి వెళ్ళే డీజిల్ ఒత్తిడిని) ఉన్నదానికంటే తక్కువగా చూపిస్తుంది, ఈసీయూ నమ్మేసి ప్రెషర్ పెంచుతుంది. అది మంచి పద్ధతి కాదు.

1.9 లీటర్ల ఇసుజు వి-క్రాస్ పికప్ కంపెనీ నుంచి 163 పీఎస్ పవర్‌తో వస్తుంది, 2.8 టయోటా హైలక్స్ 204తో. ఆ ఇంజన్లలో ఇంకా దమ్ముంది. నా పికప్‌కి స్టేజ్ 1 రీమ్యాప్ చేయించి రెండేళ్ళయింది, నంది హిల్స్ ఎక్కుతుంటే థర్డ్ గేర్ దించక్కర్లేదు. చుక్క నల్లపొగ లేదు. మంచి ట్యూనర్ దగ్గర చేయించుకుంటే భయం లేదు.

సిల్క్‌బోర్డ్_అమ్మ:
నేను బండ్ల మనిషిని కాదు. హోసూరు రోడ్డు మీద మొదటి అంతస్తులో అద్దెకుంటున్నాం. పొద్దున కిటికీ గట్టు తడిగుడ్డతో తుడుస్తాను, సాయంత్రానికి మళ్ళీ వేలితో పేరు రాయొచ్చు. దుమ్ము ఎర్రగా ఉంటుంది, ఇది నల్లగా జిడ్డుగా ఉంటుంది, సబ్బు పెడితేగాని పోదు. మా బాబుకి ఏడేళ్ళు. రెండు రకాల ఇన్‌హేలర్లు. చలికాలంలో రాత్రిళ్ళు కూర్చునే నిద్రపోతాడు.

నలుపు కనపడకపోతే మసి లేదనుకుంటున్నారు. ఊపిరితిత్తుల లోపలిదాకా వెళ్ళే రేణువులు కంటికి కనపడవు. డీజిల్ కారు బీఎస్4లో కిలోమీటరుకి 25 మిల్లీగ్రాముల దాకా వదలొచ్చు, బీఎస్6లో 4.5కి దించారు. అంత తగ్గిందంటే ముఖ్యంగా ఈ ఫిల్టరు వల్లే. డీజిల్ పొగ క్యాన్సర్ కారకమని 2012లోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం తేల్చింది. పాతికవేలు ఇచ్చి ఆ ఫిల్టరు పగలగొట్టిస్తారా?

టర్బోబాబు:
అక్కా, మీ బాబుకి త్వరగా తగ్గాలి. కానీ సిల్క్‌బోర్డ్ దగ్గర పాత లారీలు, వాటర్ ట్యాంకర్లు వదిలే పొగలో మా పికప్‌ల వాటా ఎంత? నా బండి ఎమిషన్ టెస్ట్ ప్రతిసారీ పాసైంది. పొగ లేదు అన్నాను, లేదు.

కోలార్_టమాటా:
ట్యాంకర్ల సంగతి నిజమే.

పీన్యా_ఫిట్టర్:
ఇరవై ఏళ్ళుగా డీజిల్ పనే చేస్తున్నాను. మెస్ అన్నా, ఫిల్టరు చెడిపోయిందని ఎవరు చూసి చెప్పారు? దాని లోపల సన్నటి పింగాణీ గదులుంటాయి. గోడల్లోంచి గాలి పోతుంది, మసి ఆగుతుంది. ఎగ్జాస్ట్ 600 డిగ్రీల దాకా వేడెక్కితే ఆ మసి కాలిపోతుంది. అదే రీజెన్. మీరు 40 కిలోమీటర్లు ఫస్ట్ గేర్లో తిరిగితే అంత వేడి రాదు. బండి తనే అదనంగా డీజిల్ కొట్టి వేడి చేసుకోబోతుంది, ఈలోగా మీరు బండి ఆపేస్తారు. ఆ డీజిల్ కొంత సిలిండర్ గోడల మీదుగా జారి ఇంజన్ ఆయిల్లో కలుస్తుంది.

కాబట్టి డిప్‌స్టిక్ తీసి చూడండి. మార్చిన రోజుకంటే ఆయిల్ పెరిగిందా? డీజిల్ వాసన వస్తోందా? ఏ ఆయిల్ పోయించారు? డీపీఎఫ్ బండికి తక్కువ బూడిద వచ్చే ఆయిలే పోయాలి. మసి కాలుతుంది, ఆయిల్ బూడిద కాలదు, అక్కడే పేరుకుంటుంది. అలా పేరుకున్నా బయటికి తీసి కడిగించొచ్చు. మార్చడం చివరి మాట.

బాబు వేరన్నాడు గానీ, రీమ్యాప్, డీపీఎఫ్ వేరువేరు కావు. గాలి సరిపోకుండా డీజిల్ పెంచితే మసి పెరుగుతుంది, ఫిల్టరు తొందరగా నిండుతుంది. ఆ తర్వాత ట్యూనరే వచ్చి తీసేద్దాం సార్ అంటాడు. నా దగ్గరికి వచ్చే బండ్లలో ఈ వరస చాలాసార్లు చూశాను.

సిల్క్‌బోర్డ్_అమ్మ:
టర్బోబాబు గారూ, ఒక్క ప్రశ్న. మీ బండికి డీపీఎఫ్ ఉందా?

టర్బోబాబు:
అది ఇక్కడ విషయం కాదు. నేను ట్యూనింగ్ గురించి మాట్లాడుతున్నాను. మంచి మ్యాప్‌లో పొగ రాదు.

సిల్క్‌బోర్డ్_అమ్మ:
ఉందా, లేదా?

నెల్లూరోడు:
అక్కా, ఆయన బండి ఆయనిష్టం.

టర్బోబాబు:
లేదు. గత ఏడాది తీయించి స్ట్రెయిట్ పైప్ వేయించాను. పగలగొట్టలేదు, అటక మీద భద్రంగా ఉంది. ముప్ఫై లక్షలు పోసి కొనుక్కున్న బండి. రోడ్ ట్యాక్స్ కట్టాను. టెస్ట్ పాసవుతోంది. ఇంకా ఏం చేయమంటారు?

సిల్క్‌బోర్డ్_అమ్మ:
రెండు పోస్టులుగా పొగ లేదు పొగ లేదు అంటూ, ఆపే వస్తువునే అటకెక్కించారా! ఆ టెస్ట్‌లో చూసేది యాక్సిలరేటర్ తొక్కితే పొగ ఎంత చిక్కగా వస్తుందని మాత్రమే. టెస్టులో ఒకలా, రోడ్డు మీద ఒకలా పనిచేసే సాఫ్ట్‌వేర్ పెట్టినందుకు 2019లో ఫోక్స్‌వ్యాగన్‌కి ఎన్జీటీ (జాతీయ హరిత ట్రైబ్యునల్) 500 కోట్ల జరిమానా వేసింది. కంపెనీ చేస్తే మోసం, మీ ట్యూనర్ లాప్‌టాప్‌తో చేస్తే దమ్మా? మీది షోకు. ఆ షోకు ఖర్చు మా బాబు కడుతున్నాడు.

టర్బోబాబు:
మాటలు జాగ్రత్త. మీ బాబు జబ్బు నా మీద వేయకండి.

కోరమంగళ_ప్లీడర్:
చట్టం సంగతి చెప్పి వెళ్తాను. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ స్పెసిఫికేషన్ ఇష్టమొచ్చినట్టు మార్చకూడదు. 2019 సవరణతో వచ్చిన 182ఏ ప్రకారం మార్పించిన ఓనరుకి ఒక్కో మార్పుకి 5000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ.

డల్లాస్_రెడ్డి:
అమెరికాలోనూ ఇదే గొడవ. పదేళ్ళలో 5.5 లక్షలకు పైగా డీజిల్ పికప్‌లకి ఇలా తీసేశారని 2020లో అక్కడి పర్యావరణ సంస్థ ఈపీఏ అంచనా వేసింది. ఒక్క బండితో ఏమవుతుందని ప్రతివాడూ అనుకున్నదే.

మారతహళ్ళి_మెస్:
అడిగింది నేను. మీరిద్దరూ నన్ను వదిలేసి కొట్లాడుకుంటున్నారు.

టర్బోబాబు గారూ, భయం లేదు అని ధైర్యం చెబుతున్నారు. మీది తెల్ల బోర్డు. ఎవరూ ఆపరు. నన్ను వారానికి రెండుసార్లు ఆపుతారు. ఫిట్‌నెస్ సర్టిఫికెట్ (ఎఫ్‌సీ) కోసం వెళ్తే బండి కిందకి దూరి చూస్తారు. దొరికితే బండి నిలిచిపోతుంది, మెస్ కూడా నిలిచిపోతుంది. మీరు తీయించింది కొండ ఎక్కడానికి, నేను తీయించాలనుకుంది ఈఎంఐ కట్టడానికి. మనిద్దరిదీ ఒక మాట కాదు.

అక్కా, మీరన్నది నాకు తగిలింది. మా మెస్ ముందూ అదే మసి, పొద్దున స్టీలు బిందె మూత తీస్తే మీద పొర. కానీ లక్షా పాతిక నేనొక్కడినే ఎందుకు కట్టాలి? ఊళ్ళో భోజనాలు తిప్పడానికని చెప్పే కొన్నాను. అమ్మిన రోజు రోజుకి ఎంత దూరం తిరుగుతావని ఒక్కరు అడగలేదు. వారానికోసారి హైవే మీద తోలమని చెప్పలేదు. మీ బాబు ఊపిరికి ఫిల్టరు కావాలి, నిజం. దాని బిల్లు మాత్రం మూడింటికి నిద్రలేచేవాడి మీదే పడుతోంది. నా బాధ అది.

సిల్క్‌బోర్డ్_అమ్మ:
తమ్ముడూ, ఆ బిల్లు నీది కాదు, ఒప్పుకుంటున్నాను. ఊళ్ళో పనికిరాని బండి ఊళ్ళోవాడికి అమ్మినవాళ్ళది. కంప్లైంట్ రాస్తే చెప్పు, నేనూ సంతకం పెడతాను. అటక మీది డబ్బా గురించి మాత్రం నా మాట మారదు.

టర్బోబాబు:
నాదీ మారదు.

మారతహళ్ళి_మెస్:
ఫిట్టర్ అన్నా, డిప్‌స్టిక్ చూశాను. పై గీత దాటి వేలెడు పైన ఉంది. గుడ్డకి తుడిచి వాసన చూస్తే డీజిలే. ఆయిల్ వీధి చివర షాపులో పోయించాను, డబ్బా మీద ఏముందో చూడలేదు. ఇప్పుడేం చేయాలి?

పీన్యా_ఫిట్టర్:
ఇక బండి తోలొద్దు. పలచబడిన ఆయిల్‌తో టర్బో పోతుంది. రేపు పీన్యాకి టోయింగ్ చేయించండి. ముందు ఆయిల్ మార్చి, ప్రెషర్ సెన్సర్ పైపులు చూసి, ఆ తర్వాత స్కానర్ పెట్టి రీజెన్ కొట్టిద్దాం. ఆదివారం తుమకూరు రోడ్డు మీద నెలమంగళ దాటి ఒక గంట ఆగకుండా తోలుదాం. అప్పటికీ మసి దిగకపోతే ఫిల్టరు కడిగిద్దాం.

మారతహళ్ళి_మెస్:
ఆదివారం ఆఫీసుల పని లేదు. వస్తాను. శనివారం మెకానిక్‌కి రానని ఫోన్ చేసేశాను.