హెచ్‌ఎఫ్‌ఎమ్‌లో ఓపెనింగ్ రిటైన్డ్ ఎర్నింగ్స్ డాలర్లలో కలుస్తోంది, రూపాయల్లో కలవట్లేదు. రూల్‌లో తప్పెక్కడ?

వర్క్‌డే_ఐదు:

అందరికీ నమస్తే. హైదరాబాద్‌లో ఒక గ్రూప్ కంపెనీకి హైపీరియన్ హెచ్‌ఎఫ్‌ఎమ్ (గ్రూప్‌లోని కంపెనీల లెక్కలన్నీ కలిపే ఒరాకిల్ సాఫ్ట్‌వేర్) చూస్తున్నాను. చదివింది సీఏ ఇంటర్, కోడింగ్ రాదు, రూల్స్ ఫైల్ నా నెత్తిన పడి నాలుగు నెలలైంది. ఇంతకుముందు చూసినాయన వెళ్తూ వెళ్తూ ఒక వర్డ్ ఫైల్ ఇచ్చాడు, అందులో సర్వర్ పేరు తప్ప పనికొచ్చేది ఏమీ లేదు.

విషయం ఏంటంటే, మాకు అమెరికాలో ఒక సబ్సిడరీ ఉంది, దాని పుస్తకాలు డాలర్లలో, పేరెంట్ రూపాయల్లో. మార్చి 31కి దాని రిటైన్డ్ ఎర్నింగ్స్ (కంపెనీలో పోగైన లాభాలు) 20 లక్షల డాలర్లు, సంతకాలైపోయిన కన్సాలిడేషన్‌లో అది 15.60 కోట్లు. ఇప్పుడు జూన్ క్వార్టర్ రన్ చేస్తే ఓపెనింగ్ లైన్‌లో డాలర్లు సరిగ్గా 20 లక్షలే వస్తున్నాయి, రూపాయల్లో మాత్రం 17 కోట్లు చూపిస్తోంది. పోయినేడాది క్లోజింగే కదా ఈ ఏడాది ఓపెనింగ్, 1.40 కోట్లు ఎక్కడినుంచి వచ్చాయని ఆడిటర్ అడుగుతున్నారు. బ్యాలెన్స్ షీట్ పైసాతో సహా టాలీ అవుతోంది, అందుకే మా మేనేజర్ "టాలీ అయ్యాక టెన్షన్ ఎందుకు" అంటున్నారు.

రూల్ సబ్ కాల్క్యులేట్‌లో (రూల్స్ ఫైల్‌లో లెక్కలు వేసే భాగంలో) ఉంది. ఫోన్‌లో టైప్ చేస్తున్నా కాబట్టి మాటల్లో చెప్తా: వాల్యూ మెంబర్ (అంకె ఏ కరెన్సీలో, ఏ దశలో ఉందో చెప్పేది) ఎంటిటీ కరెన్సీ, అంటే కంపెనీ సొంత కరెన్సీ, అయితేనే, ఓపెనింగ్ అకౌంట్‌లోకి పోయిన సంవత్సరం చివరి పీరియడ్ క్లోజింగ్ తీసుకురా. ఒక ఇఫ్, ఒక హెచ్‌ఎస్ ఎక్స్‌ప్ (అకౌంట్‌లో అంకె రాసే ఆదేశం), అంతే. ఆ ఇఫ్ పక్కన "పెర్ఫార్మెన్స్ కోసం పెట్టాను" అని కామెంట్ కూడా ఉంది.

పాత_హైపీరియన్:

17 కోట్లని 20 లక్షలతో భాగించి చూడండి. 85 వస్తుంది. మీ జూన్ క్లోజింగ్ రేటు అదే అయ్యుంటుంది, రేట్ అకౌంట్ తెరిచి చూసుకోండి. దొంగ దొరికినట్టే.

జరుగుతున్నది ఇది. హెచ్‌ఎఫ్‌ఎమ్‌లో సబ్ కాల్క్యులేట్ ఒక్కసారి నడిచి ఊరుకోదు. ఎంటిటీ కరెన్సీ మీద నడుస్తుంది, తర్వాత ట్రాన్స్‌లేషన్ అయ్యి అంకెలు పేరెంట్ కరెన్సీలోకి వచ్చాక అక్కడ మళ్లీ నడుస్తుంది, ఆ పైన ప్రపోర్షన్ (వాటా మేరకు లెక్క), ఎలిమినేషన్ (గ్రూప్ లోపలి లావాదేవీలు తీసేయడం) అంటూ మెట్టు మెట్టుకీ నడుస్తూనే ఉంటుంది. మీ ఇఫ్ వల్ల డాలర్ల మెట్టు దగ్గర మాత్రమే ఓపెనింగ్ పోయినేడాది నుంచి వస్తోంది. రూపాయల మెట్టుకి వచ్చేసరికి రూల్ మౌనం, కాబట్టి డిఫాల్ట్ ట్రాన్స్‌లేషన్ ఆ 20 లక్షలనీ మామూలు బ్యాలెన్స్ షీట్ అకౌంట్ లాగే ఈ నెల క్లోజింగ్ రేటుతో గుణించి వదిలేసింది. సెప్టెంబర్‌లో రేటు మారితే మీ ఓపెనింగ్ కూడా మారుతుంది. ఓపెనింగ్ నెలనెలా మారే పుస్తకాలు ఎక్కడైనా చూశారా!

ఆ ఇఫ్‌లోనే ఇంకో షరతు కలపండి: ఎంటిటీ కరెన్సీ అయినా సరే, లేదా హెచ్‌ఎస్ వాల్యూ ఈజ్‌ట్రాన్స్‌కర్ (ఇప్పుడున్నది మార్చిన కరెన్సీ మెట్టేనా అని చూసే ఫంక్షన్) నిజమైనా సరే. అప్పుడు రూపాయల మెట్టు మీద అదే లైన్ పోయినేడాది రూపాయల క్లోజింగ్ 15.60 తెచ్చి, ట్రాన్స్‌లేషన్ రాసిన 17 మీద రాసేస్తుంది. పెర్ఫార్మెన్స్ కోసం పెట్టానన్న కామెంట్ చూస్తే నవ్వొచ్చింది, ఒక అకౌంట్ రూల్ ఆపితే ఎంత మిగులుతుంది?

డెబిట్‌క్రెడిట్_అక్క:

మేనేజర్ గారికి ఒక మాట. టాలీ అవుతోందంటే దాని అర్థం మీ ఎఫ్‌సీటీఆర్ (విదేశీ కరెన్సీ మార్పిడి తేడాలు పోగయ్యే రిజర్వ్) అకౌంట్ మిగిలిన తేడా అంతా మింగుతోందని. చాలా అప్లికేషన్లలో ఆ అకౌంట్‌ని బ్యాలెన్సింగ్ ఫిగర్ గానే రాస్తారు, కాబట్టి ఈక్విటీలో ఏది తప్పినా అది సర్దేస్తుంది, పైకి కనపడదు. ఈ కేసులో 1.40 కోట్లు ఎఫ్‌సీటీఆర్‌లో ఉండాల్సింది రిటైన్డ్ ఎర్నింగ్స్‌లో కూర్చుంది.

ఈక్విటీలో ఈ లైన్ నుంచి ఆ లైన్‌కేగా అనుకోవద్దు. ఇండ్ ఏఎస్ 21 (విదేశీ కరెన్సీ మార్పిడికి అకౌంటింగ్ ప్రమాణం) ప్రకారం ఆస్తులు, అప్పులు క్లోజింగ్ రేటుకి, ఆదాయం ఖర్చులు లావాదేవీ నాటి రేటుకి (రేట్లు మరీ ఊగకపోతే యావరేజ్ రేటుకి) మార్చి, తేడాని ఓసీఐ (లాభనష్టాల ఖాతాలో కలవని ఇతర ఆదాయం) ద్వారా విడిగా పోగుచేయాలి. రేపు ఆ అమెరికా కంపెనీని అమ్మేస్తే ఆ పోగైన మొత్తం లాభనష్టాల ఖాతాలోకి వస్తుంది. ఆరోజు 1.40 కోట్లు తక్కువ వస్తే సంతకం పెట్టినవాళ్లే చెప్పుకోవాలి. ఆడిటర్ అడిగింది న్యాయమైన ప్రశ్నే.

వర్క్‌డే_ఐదు:

అన్నా, అక్కా, ఇద్దరికీ థాంక్స్. టెస్ట్ అప్లికేషన్‌లో రూల్ మార్చేసి కన్సాలిడేట్ చేశా, అమెరికాది 15.60 వచ్చేసింది, చూసి కుర్చీలోంచి లేచా. కానీ సింగపూర్ కంపెనీ కొత్త తలనొప్పి. దానికి సింగపూర్ డాలర్లలోనే ఓపెనింగ్ కలవట్లేదు. పోయినేడాది క్లోజింగ్ 4,60,000, ఈ ఏడాది ఓపెనింగ్ 5,00,000. ఇది ముందునుంచీ ఉందేమో, అమెరికా గొడవలో పడి నేను చూడలేదు.

పాత_హైపీరియన్:

ఒక గ్రిడ్ తెరిచి, పోయిన మార్చి పెట్టి, వాల్యూ డైమెన్షన్‌ని నిలువుగా పరవండి. ఎంటిటీ కరెన్సీలో 5,00,000, దాని కింద ఎంటిటీ కర్ అడ్జస్‌లో మైనస్ 40,000, టోటల్‌లో 4,60,000 కనిపిస్తాయి. పందెం కాస్తా. ఎవరో ఇయర్ ఎండ్‌లో జర్నల్ (సవరణ ఎంట్రీ) వేశారు. జర్నల్ వెళ్లేది అడ్జస్ మెంబర్‌లోకి. మీ రూల్ కుడివైపు వాల్యూ మెంబర్ రాయలేదు కాబట్టి తను నిలబడ్డ మెట్టు నుంచే తెచ్చుకుంటుంది, పక్క మెట్టు మీదున్న జర్నల్ దానికి కనపడదు.

కాబట్టి కుడివైపు స్పష్టంగా రాయండి: ఎంటిటీ కరెన్సీ మెట్టు మీద ఉంటే ఎంటిటీ కర్ టోటల్ నుంచి, రూపాయల మెట్టు మీద ఉంటే పేరెంట్ కర్ టోటల్ నుంచి. రెండు వేర్వేరు లైన్లు.

కానీ ఇక్కడే చాలామంది బోల్తా పడతారు, నేనూ పడ్డాను. టోటల్ నుంచి తెస్తున్నాం కదా, ఇక ఇఫ్ ఎందుకని తీసేయొద్దు. తీసేస్తే అడ్జస్ మెట్టు మీద కూడా రూల్ నడిచి అక్కడా 4,60,000 రాస్తుంది, టోటల్ 9,20,000 అవుతుంది. నేను ఇలా చేసి ఒక శుక్రవారం రాత్రి పదిన్నర దాకా జర్నల్స్ లిస్ట్ వెతికా, లేని జర్నల్ కోసం.

మూడోషిఫ్ట్:

మీరిద్దరూ చెప్పింది బేస్ ఎంటిటీలకి (కింద ఇంకే కంపెనీ లేనివాటికి) బావుంది. సబ్‌గ్రూప్‌ల సంగతి? పేరెంట్ ఎంటిటీకి ఎంటిటీ కరెన్సీ అంటే పిల్లల (కింది కంపెనీల) కాంట్రిబ్యూషన్ల మొత్తం, అది వచ్చాక దాని మీద కూడా సబ్ కాల్క్యులేట్ నడుస్తుంది. ఈ ఏడాది ఒక కంపెనీని ఒక సబ్‌గ్రూప్ నుంచి తీసి ఇంకోదాని కింద పెట్టారనుకోండి, పాత సబ్‌గ్రూప్ ఓపెనింగ్ మీద మీ రూల్ పోయినేడాది అంకె తెచ్చి రాసేస్తుంది, వెళ్లిపోయిన కంపెనీ అందులో ఇంకా ఉంటుంది. ఎంటిటీ కరెన్సీ లైన్‌కి మాత్రం హెచ్‌ఎస్ ఎంటిటీ ఈజ్‌బేస్ (బేస్ ఎంటిటీయేనా అని చూసే) షరతు పెట్టండి. ట్రాన్స్‌లేషన్ లైన్‌కి గుడ్డిగా పెట్టొద్దు, ఎందుకంటే మీ గ్రూప్‌లో యూరో సబ్‌గ్రూప్ లాంటిది ఉంటే అది కూడా రూపాయల్లోకి మారాలి, దాని ఓపెనింగ్‌కీ ఇదే జబ్బు వస్తుంది.

ఇంకోటి, ఎవరైనా పోయిన మార్చిని అన్‌లాక్ చేసి అంకె మారిస్తే ఈ ఏడాది స్టేటస్ దానంతట అది మారుతుందని అనుకోవద్దు. రూల్ ఇంకో ఏడాది నుంచి డేటా తెస్తోందని సిస్టమ్‌కి తెలీదు, ఓకే అనే చూపిస్తూ పాత అంకెతో కూర్చుంటుంది. దానికి ఇంపాక్ట్ స్టేటస్ అనే ఫంక్షన్ ఉంది. లేదా మీరే గుర్తుపెట్టుకుని ఏప్రిల్ నుంచి మళ్లీ నడపండి.

మబ్బుల్లో_మనోడు:

క్లౌడ్‌కి మారిపోండి బ్రో, ఎఫ్‌సీసీఎస్‌లో (ఇదే పనికి ఒరాకిల్ క్లౌడ్ సాఫ్ట్‌వేర్) ఎఫ్ఎక్స్ ఓపెనింగ్, ఎఫ్ఎక్స్ మూవ్‌మెంట్, సీటీఏ లాంటి కరెన్సీ తేడాల లైన్లన్నీ అదే వేస్తుంది, రూలే రాయక్కర్లేదు.

పాత_హైపీరియన్:

నిజమే, కానీ జూన్ క్వార్టర్ రేపు ఇవ్వాలి, మైగ్రేషన్ రేపటికి అవుతుందా? పైగా అది వేసింది తప్పా ఒప్పా తెలియాలంటే పైన అక్క చెప్పింది తెలిసుండాలి.

వర్క్‌డే_ఐదు:

జర్నలే. మార్చి ఆఖర్లో బోనస్ ప్రొవిజన్ 40,000, ఎంటిటీ కర్ అడ్జస్‌లో. రెండు లైన్లుగా విడగొట్టా, పైదానికి ఈజ్‌బేస్ పెట్టా, సింగపూర్ 4,60,000 వచ్చింది. మాకు యూరో సబ్‌గ్రూప్ లేదుగానీ షరతు మీరు చెప్పినట్టే ఉంచా. కన్సాలిడేషన్ టైమ్ ముందు 11 నిమిషాలు, ఇప్పుడూ 11 నిమిషాలే, ఆ పెర్ఫార్మెన్స్ కామెంట్ తీసేశా. ప్రొడక్షన్‌లోకి రేపు పొద్దున్నే ఎక్కిస్తా. మిగతా 14 కంపెనీల ఓపెనింగ్‌లు కూడా పోయినేడాదితో ఒక్కొక్కటే పోల్చుతున్నా, ఇప్పటికి తొమ్మిది అయ్యాయి. పదోది థాయ్‌లాండ్, దాంట్లో 3 రూపాయలు తేడా, రౌండింగ్ అనుకుని వదిలేయొచ్చా అక్కా?

డెబిట్‌క్రెడిట్_అక్క:

భాత్‌లో తేడా ఎంతో చూసి చెప్పు, అక్కడ సున్నా అయితే వదిలెయ్.