ఫాంటసీ ప్రీమియర్ లీగ్: నా డిఫెండర్‌కు ఒక్క పాయింటే ఎందుకు వచ్చింది?

మిర్యాలగూడ గుమస్తా:
నేను మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో లెక్కలు రాస్తాను. మా తమ్ముడు తన స్నేహితుల ఫాంటసీ ప్రీమియర్ లీగ్‌లో నన్నూ చేర్చాడు. ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్ ఫుట్‌బాల్ ఆటగాళ్లతో ఊహా జట్టు కట్టి, అసలు మ్యాచ్‌లలో వాళ్లు ఆడినదాన్ని బట్టి పాయింట్లు పొందే ఆన్‌లైన్ ఆట ఇది. ఆటలో ఇచ్చే 100 మిలియన్ పౌండ్ల ఉత్తుత్తి డబ్బుతో 15 మందిని కొనాలి, ఒక క్లబ్బు నుంచి ముగ్గురికి మించకూడదు. ఇంతవరకు తేలికగానే కుదిరింది. మాటల దగ్గరే ఆగిపోతున్నాను. మొన్న శనివారం నా డిఫెండర్ జట్టు ఒక్క గోల్ కూడా ఇవ్వకుండా గెలిచింది. అదే జట్టులోని నా గోల్‌కీపర్‌కు 6 వచ్చాయి, డిఫెండర్‌కు ఒక్కటే. పైగా నా మొత్తంలో 4 పాయింట్లు కోత పడ్డాయి. తమ్ముణ్ణి అడిగితే "హిట్ తీసుకున్నావన్నా" అని ఫోను పెట్టేశాడు. కాస్త ఓపికగా ఎవరైనా చెప్పండి.

పాలమూరు పీఈటీ:
ముందు ఆ డిఫెండర్ ఎన్ని నిమిషాలు ఆడాడో చూసి చెప్పండి.

మిర్యాలగూడ గుమస్తా:
57 నిమిషాలు సార్. తర్వాత అతని బదులు మరొకరు వచ్చారు.

పాలమూరు పీఈటీ:
అక్కడే పోయింది. క్లీన్ షీట్ అంటే గోల్ ఇవ్వకపోవడం. దానికి గోల్‌కీపర్‌కు, డిఫెండర్‌కు 4 పాయింట్లు, మిడ్‌ఫీల్డర్‌కు 1. కానీ ఆటగాడు కనీసం 60 నిమిషాలు మైదానంలో ఉండాలి. మైదానంలో దిగినందుకే 1 వస్తుంది, 60 నిండితే 2. మీ గోల్‌కీపర్‌కు 2, 4 కలిపి ఆరు అయ్యాయి. డిఫెండర్ మరో మూడు నిమిషాలు ఉంటే అతనికీ ఆరే. 60 దాటాక బయటికి వచ్చిన ఆటగాడి క్లీన్ షీట్ మాత్రం, ఆ తర్వాత జట్టు గోల్ ఇచ్చినా పోదు. నేను పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పుతాను. ఎవరిని కొనాలని అడిగినా పేరు కన్నా ముందు నిమిషాలే చూడమంటాను. గాయం నుంచి కోలుకుని వచ్చినవారిని మొదటి వారాల్లో త్వరగా బయటికి పిలిచేస్తారు.

దేవరకొండ:
హిట్ సంగతి నేను చెబుతాను అన్నా. వారానికి ఒక ఆటగాణ్ణి మార్చుకోవడం ఉచితం. వాడకపోతే ఐదు దాకా కూడబెట్టుకోవచ్చు. చేతిలో ఉన్నవాటికి మించి చేసే ప్రతి మార్పుకూ 4 పాయింట్లు పోతాయి, అదే హిట్. మీరు ఇద్దరిని మార్చి ఉంటారు. మీరు ఎంచుకున్న కెప్టెన్‌కు వచ్చిన పాయింట్లు రెండింతలవుతాయి. అతను అసలు దిగకపోతేనే ఆ అవకాశం వైస్ కెప్టెన్‌కు వెళ్తుంది. ఒక్క నిమిషం దిగినా వెళ్లదు. బెంచ్ మీద నలుగురుంటారు, వారి వరుస ముఖ్యం. పదకొండు మందిలో ఎవరైనా అసలు ఆడకపోతే ఆ వరుస ప్రకారమే లోపలికి వస్తారు.

వనపర్తి అక్క:
జట్టు మార్చుకునే డెడ్‌లైన్ మరవకండి. ఆ వారం మొదటి మ్యాచ్‌కు గంటన్నర ముందే తలుపులు మూసేస్తారు. ఇంగ్లండ్‌లో శనివారం మధ్యాహ్నం పన్నెండున్నరకు మొదటి మ్యాచ్ ఉంటే, అక్కడి ఎండాకాలపు గడియారం ప్రకారం మనకు మూడున్నరకే డెడ్‌లైన్; అక్కడ చలికాలంలో నాలుగున్నరకు. శుక్రవారం రాత్రి మ్యాచ్ ఉంటే ఆ రోజే. ఇంకొకటి, ఈ ఆట ఉచితం. డబ్బు పెట్టమని ఎవరైనా లింకు పంపితే ముట్టుకోకండి. తెలంగాణలో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలపై 2017 నుంచే నిషేధం ఉంది.

మిర్యాలగూడ గుమస్తా:
అవును, ఇద్దరినీ నేనే మార్చాను. మూడున్నరకు మిల్లులో లారీలు లోడవుతుంటాయి, కాబట్టి గురువారం రాత్రే జట్టు సరిచేస్తాను. ఆ డిఫెండర్‌ను బెంచ్ మీద మొదటి వరుసలో పెట్టి, పోయిన మూడు మ్యాచ్‌లలో ఎన్నెన్ని నిమిషాలు ఆడాడో చూస్తున్నాను.