అలాయ్ చక్రం హబ్‌కు పట్టేసింది: సుత్తి ఎత్తేముందు మీ అనుభవాలు చెప్పండి

సాగరతీరం (విశాఖపట్నం)
నమస్కారం. మా ఇల్లు బీచ్ రోడ్డుకు రెండు వీధుల ఇవతల. కారుకు తొమ్మిదేళ్లు. ముందు బ్రేక్ ప్యాడ్లు చూద్దామని నిన్న ఎడమ చక్రం నట్లు నాలుగూ తీశాను. చక్రం మాత్రం చెక్కుచెదరలేదు. జాకీ మీద ఉన్న బండిని బలంగా కుదపడానికి భయం వేసి ఆపేశాను. మధ్యలోని ప్లాస్టిక్ మూత తీసి చూస్తే హబ్ (చక్రం బిగించే మధ్య ఇనుప భాగం) చుట్టూ ఎర్రటి తుప్పు, దాన్ని ఆనుకుని అలాయ్ వైపు తడిసి ఆరిన సున్నంలా తెల్లటి పొడి. రెండేళ్లుగా ఈ చక్రాన్ని ఎవరూ విప్పలేదు. రాత్రిపూట పంక్చర్ అయి, నా భార్య ఒక్కతే ఉండి, నట్లు తీశాక కూడా చక్రం రాకపోతే ఆమె ఏం చేస్తుంది? ఆ ఆలోచనతో నిన్న రాత్రి నిద్ర పట్టలేదు. ఎలా తీయాలి?

పానాపట్టు (విజయవాడ, ఆటోనగర్)
సాగరతీరం గారూ, ఆపేసి మంచిపని చేశారు. ఆ తెల్లటి పొడి అల్యూమినియం తుప్పు. హబ్ ఇనుము, చక్రం అల్యూమినియం. రెండు వేర్వేరు లోహాల మధ్య ఉప్పుతేమ చేరితే బ్యాటరీలో జరిగినట్టే రసాయన చర్య జరిగి అల్యూమినియాన్ని తినేస్తుంది. ఆ పొడి లోహంకంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి మధ్య సందులో బిగుసుకుపోతుంది. మీరున్నది సముద్రం పక్కన, అందుకే ఇంత గట్టిగా పట్టింది.

నట్లు మళ్లీ పెట్టండి, కానీ పూర్తిగా బిగించకుండా ఒక చుట్టు వదులుగా ఉంచండి. నట్లు ఉంటే చక్రం ఊడినా మీ మీద పడదు. కారును స్టాండ్ల మీద నిలబెట్టండి, జాకీని నమ్ముకోవద్దు. తుప్పు వదిలించే నూనెను మధ్య రంధ్రం అంచున కొద్దికొద్దిగా వేసి ఒక రాత్రి వదిలేయండి. పొద్దున ఒక కొయ్య దుంగను లోపలి వైపు నుంచి టైరుకు ఆనించి సుత్తితో కొట్టండి. ఒకసారి పైన కొడితే తరువాత కింద, ఆపైన పక్కన. ఒకేచోట పది దెబ్బలు వేసినా రాదు, చుట్టూ తిరుగుతూ వేస్తే వస్తుంది. రిమ్ము మీద సుత్తి తగలకూడదు, అలాయ్ పగుళ్లు కంటికి కనబడవు.

మిషిగన్ వాసి
మాది డెట్రాయిట్ దగ్గర. ఈ నగరం కింద సుమారు 1,100 అడుగుల లోతున ఉప్పు గని ఉంది. ఇక్కడ శీతాకాలమంతా మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. మూడేళ్ల బండికే హబ్‌లు పట్టేస్తాయి. మా పక్కింటాయన నేర్పిన పద్ధతి ఇంకొకటి ఉంది. నట్లు ఒకటి రెండు చుట్లు వదులు చేసి, కారును నేల మీదకు దించి, చదును స్థలంలో నాలుగైదు అడుగులు ముందుకు, వెనక్కు నడక వేగంతో నడిపి బ్రేకు మెత్తగా నొక్కాలి. బండి బరువే చక్రాన్ని విడదీస్తుంది. టక్కుమని చప్పుడు వినగానే ఆపేయాలి. నాకు మూడుసార్లు పనిచేసింది.

పానాపట్టు
అది పనిచేస్తుంది, కాదనను. కానీ మొదటిసారి చేసేవారికి నేను చెప్పను. నట్లు అవసరానికి మించి వదులైతే స్టడ్ల (నట్లు ఎక్కే బోల్టుల) మరలు దెబ్బతింటాయి. వీధి వాలుగా ఉంటే అసలు వద్దు.

రేకులషెడ్డు (కాకినాడ)
నూనె విషయంలో ఒక మాట. నేను డబ్బా గొట్టంతో ధారాళంగా కొట్టాను, అది హబ్ వెనక నుంచి కారి, ప్యాడ్లు నొక్కే బ్రేకు డిస్కు మీదకు, ప్యాడ్లలోకి చేరింది. డిస్కును క్లీనర్‌తో తుడిచాను గానీ ప్యాడ్లు నూనె పీల్చుకున్నాయి, రెండువైపులా కొత్తవి వేయాల్సి వచ్చింది. చుక్కలుగా వేయండి, కింద గుడ్డ పెట్టండి. క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనర్ కొట్టినచోట మంట పెట్టి వేడి చేయవద్దు. అందులోంచి ఫాస్జీన్ అనే విషవాయువు పుడుతుంది. కొద్దిపాటి పొగ పీల్చినా ప్రాణానికి ముప్పు.

సాగరతీరం
వచ్చేసింది! రాత్రంతా నూనె నానబెట్టి, పొద్దున కొయ్యదుంగతో ఏడో దెబ్బకు కదిలింది. అందరికీ కృతజ్ఞతలు. చక్రం తీశాక మరో సంగతి బయటపడింది. లోపలి ప్యాడు 3 మిల్లీమీటర్లు మిగిలింది, బయటిది 8. ఒకే చక్రంలో ఇంత తేడా ఎందుకు?

పానాపట్టు
కాలిపర్ (ప్యాడ్లను డిస్కుకు నొక్కే భాగం) జారాల్సిన పిన్నులు పట్టేశాయి. కాలిపర్‌లోని పిస్టన్ లోపలి ప్యాడును నొక్కుతుంది, ఆ నొక్కుడుకు కాలిపర్ మొత్తం పిన్నుల మీద జారి బయటి ప్యాడును లాక్కురావాలి. పిన్ను జారకపోతే లోపలి ప్యాడు ఒక్కటే పనంతా చేస్తుంది. వెనక్కి జరగలేక డిస్కును రాసుకుంటూనే ఉంటుంది కూడా. ప్రయాణం అయ్యాక నాలుగు చక్రాల దగ్గరా అరచేయి దూరంగా పెట్టి చూడండి, తాకవద్దు. ఒకటి మిగిలినవాటికంటే బాగా వేడిగా ఉంటే అక్కడే ఏదో పట్టేసినట్టు.

పిన్నును లాగడం కాదు, పానాతో అటూ ఇటూ తిప్పుతూ బయటికి తీయండి. పాత గ్రీజు నల్లటి బంకలా ఉంటుంది. పిన్నునూ రంధ్రాన్నీ క్లీనర్‌తో కడిగి, ఆరబెట్టి, బ్రేకుల కోసమే తయారైన సిలికాన్ గ్రీజు పలుచగా రాయండి. చక్రాల బేరింగుకు వాడే మామూలు గ్రీజు రాయడం చాలా షెడ్లలో చూశాను, ఎన్నిసార్లు చెప్పినా వినరు. పెట్రోలియం గ్రీజుకు పిన్ను దగ్గరి రబ్బరు ఉబ్బిపోతుంది, ఆరు నెలల్లో పిన్ను మళ్లీ బిగుస్తుంది. కొన్ని బండ్లలో ఒక పిన్నుకు చివర రబ్బరు తొడుగు ఉంటుంది. పైదాన్ని కింద, కిందిదాన్ని పైన పెట్టకండి. మట్టి చేరకుండా పిన్నును కప్పే రబ్బరు తొడుగు చిరిగి ఉంటే అదే అసలు దోషి, తొడుగు మార్చకుండా గ్రీజు రాసి ప్రయోజనం లేదు.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్ వైపు ఎన్నో కార్లు రోజుల తరబడి నీళ్లలో నిలిచాయి. మా షెడ్డుకు వచ్చినవాటిలో ఒక బండి యజమాని హ్యాండ్‌బ్రేక్ లాగి వెళ్లారు. నీళ్లు తగ్గాక వెనక చక్రాలు తిరగకపోతే గట్టిగా యాక్సిలరేటర్ తొక్కారు. వెనక బ్రేకు డ్రమ్ము విప్పేసరికి, డ్రమ్మును లోపలి నుంచి నొక్కే షూ మీది లైనింగు (రాపిడి పొర) మొత్తం ఊడి డ్రమ్ముకు అతుక్కుని ఉంది, షూ ఒట్టి రేకుగా మిగిలింది. ఆ డ్రమ్ము తీయడానికి ముందు హ్యాండ్‌బ్రేక్ కేబులు వదులు చేశాం, షూలను డ్రమ్ముకు దగ్గరగా ఉంచే అడ్జస్టరును వెనక్కి తిప్పాం. తరువాత డ్రమ్మును బయటికి నెట్టడానికి దాని మీది రెండు మర రంధ్రాల్లో రెండు బోల్టులు బిగించాం, చాలా బండ్లలో అవి 8 మిల్లీమీటర్లవి. ఒక్కోదాన్ని పావు చుట్టు చొప్పున, ఒకదాని తరువాత ఒకటి. ఒక్కదాన్నే బిగిస్తే డ్రమ్ము ఒరిగి మరింత పట్టేస్తుంది. పోత ఇనుము కాబట్టి అంచు పగలడం కూడా చూశాను.

కొత్తగా నేర్చుకుంటున్నాను (కర్నూలు)
నాకూ ఇదే జరిగింది, వరద కాదు. వానలో తిరిగి వచ్చి హ్యాండ్‌బ్రేక్ లాగి ఊరెళ్లాను. మూడు వారాల తరువాత బండి కదలలేదు. అప్పటి నుంచి ఎక్కువ రోజులు ఆపాల్సివస్తే మొదటి గేరులో ఉంచి చక్రానికి చెక్క అడ్డం పెడుతున్నాను. నా ప్రశ్న: బ్రేకు గాలి తీసే నిపుల్ తిరగడం లేదు. పానా జారి మూలలు అరిగాయి.

మిషిగన్ వాసి
ఇక ఆ పానా వాడకండి. ఆరు మూలలూ పట్టే సాకెట్టు కావాలి. నూనె వేసి రెండు రోజులు ఆగండి. ముందు బిగించే వైపు ఆవగింజంత కదిలించండి, తుప్పు పొర విరిగాక వదులు చేయండి. బిగుతు రబ్బరులా సాగుతున్నట్టు చేతికి తెలిస్తే వెంటనే ఆపాలి, అది విరగబోతోందని అర్థం. విరిగితే కాలిపరే మార్చవలసి రావచ్చు. నిపుల్ మీది చిన్న రబ్బరు టోపీ పోతే ఎవరూ పట్టించుకోరు, లోపలికి నీళ్లు దిగేది ఆ దారినే.

బ్రేకు ద్రవం కూడా మార్చండి. డాట్ 4 ద్రవం గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కొత్తదాని మరుగు స్థానం కనీసం 230 సెల్సియస్ డిగ్రీలు, తేమ చేరినదానికి కనీస ప్రమాణం 155. ఆ తేమే పిస్టన్‌కు లోపలి నుంచి తుప్పు పట్టిస్తుంది. రెండేళ్లకోసారి మారుస్తున్నాను.

సాగరతీరం
పిన్నులు రెండూ ఇప్పుడు వేలితో తోస్తే జారుతున్నాయి. ఎడమ చక్రానికి లోపలి, బయటి ప్యాడ్లు రెండూ కొత్తవి వేశాను. ఇక చక్రం తిరిగి పెట్టేముందు హబ్ మీద గ్రీజు రాయాలా?

పానాపట్టు
ముందు శుభ్రం చేయండి, అసలు పని అదే. హబ్ ముఖాన్నీ చక్రం లోపలి ముఖాన్నీ ఇనుప బ్రష్‌తో రుద్ది, గుడ్డతో తుడిచి, వేలు పెట్టి చూడండి. ఎక్కడా పెచ్చు తగలకూడదు. హబ్‌కూ డిస్కుకూ మధ్య చిన్న తుప్పు పెచ్చు మిగిలినా డిస్కు సమంగా తిరగదు, కొన్నాళ్లకు బ్రేకు వేసినప్పుడు స్టీరింగు వణుకుతుంది. చక్రం కింద మిగిలితే అది అరిగిపోయాక నట్టు వదులవుతుంది. తుప్పు పట్టి బిగుసుకోకుండా చేసే పేస్టును హబ్ మధ్య గుబ్బ చుట్టూ, వేలితో పలుచటి పొరగా రాయండి. స్టడ్ల మరలకు నూనెగానీ పేస్టుగానీ వద్దు. కంపెనీ ఇచ్చే బిగింపు లెక్క పొడి మరలకు. జిడ్డు ఉంటే అదే బిగింపుకు స్టడ్ ఎక్కువగా సాగుతుంది. ఏబీఎస్ సెన్సారు (చక్రం వేగాన్ని పసిగట్టే పరికరం) దగ్గర కూడా అంటనీయకండి.

సాగరతీరం
అలాగే చేశాను. మా బండి పుస్తకంలో 85 న్యూటన్ మీటర్లు అని ఉంది. టార్క్ రెంచి (బిగింపు కొలిచే పానా) అద్దెకు తెచ్చి ఎదురెదురు నట్లు బిగించాను. 80 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ చూస్తే ఒక నట్టు కొద్దిగా కదిలింది, మిగిలిన మూడూ గట్టిగానే ఉన్నాయి. కుడివైపు కూడా విప్పి అదే పని చేశాను, అక్కడ పిన్నులు బాగున్నాయి. ఈ ఉదయం నా భార్య తానే జాకీ పెట్టి ఎడమ చక్రం తీసి, స్టెప్నీ వేసి, మళ్లీ మార్చింది. నేను పక్కన నిలబడి చూశానంతే. ఆదివారం వెనక డ్రమ్ములు విప్పుతాం. 8 మిల్లీమీటర్ల బోల్టులు రెండు తెచ్చి పెట్టుకున్నాను.