కోరింగకు బీఎస్సీ పిల్లలను తీసుకెళ్తున్నాం, ప్లాన్ చూసి చెప్పండి

రాజమండ్రి గెస్ట్ లెక్చరర్:
నమస్కారమండీ. మా డిగ్రీ కాలేజీలో బోటనీ, జువాలజీ కలిపి నలభై మంది. డిసెంబరులో ఒక్కరోజు ఫీల్డ్ ట్రిప్. పొద్దున కోరింగ మడ అడవి, తర్వాత హోప్ ఐలండ్, సాయంత్రం ఉప్పాడ బీచ్ అనుకున్నాం. ప్రిన్సిపాల్ గారు అన్నవరం కూడా కలపమంటున్నారు. అవుతుందా? పిల్లలతో ఏం చేయించాలో కూడా చెప్పండి. ఊరికే సెల్ఫీల టూర్ అయిపోతుందేమోనని టెన్షన్.

రిటైర్డ్ బోటనీ మాస్టారు, కాకినాడ:
అమ్మా, బస్సు మాట్లాడే ముందు పోటు (సముద్రపు నీళ్లు ఎక్కడం), పాటు (నీళ్లు తీయడం) ఎన్ని గంటలకో చూడండి. బురద బయటపడేది పాటులో, పడవ తిరిగేది పోటులో. రెండింటికీ మధ్య ఆరు గంటల పైచిలుకు తేడా. రోజుకు ముప్పావు గంటకు పైనే ఆలస్యమవుతూ పోతాయి కాబట్టి నిరుడు వెళ్లినవాళ్ల టైము మీకు పనికిరాదు. అమావాస్య, పౌర్ణమి దగ్గర్లో అయితే నీళ్లు బాగా తీస్తాయి. పాటుకు మడ అడవిలోని చెక్క వంతెన మీద ఉండేలా బయల్దేరండి.

కోరింగ 235 చదరపు కిలోమీటర్ల అభయారణ్యం. మీరు చూసేది అందులో ఓ మూల. ఆ మూలనైనా నిదానంగా చూడనివ్వండి. తెల్ల మడ చుట్టూ బురదలోంచి పెన్సిళ్లు పాతినట్టు వేర్లు పైకి లేచి ఉంటాయి. అయిదు మార్కుల కోసం బట్టీ పట్టిన న్యూమటోఫోర్లు, అంటే గాలి పీల్చే వేర్లు, అవే. వంతెన మీంచి ఒక చదరపు మీటరు అంచనా వేసుకుని ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టించండి, చెట్టుకు దూరంగా మళ్లీ ఒకసారి. ఆకు కోయకుండానే అడుగుభాగం వేలితో రుద్ది నాలుకకు రాసుకుంటే ఉప్పు తెలుస్తుంది. ఇది తెల్ల మడకే సుమా! పక్కనే తిల్ల ఉంటుంది, దాని పాలు కంట్లో పడితే చూపుకే ప్రమాదం. చెట్టు ఏదో మీరు చూపించాకే ముట్టుకోనివ్వండి.

హోప్ ఐలండ్ మానేయండి. తాబేళ్లు గుడ్లు పెట్టేది జనవరి తర్వాత, అదీ రాత్రిపూట. డిసెంబరు మధ్యాహ్నం మీకు దొరికేది ఇసుకే.

ఫైనలియర్ జువాలజీ, అమలాపురం:
మేడమ్, మేం కిందటేడు వెళ్లాం. నాకు నచ్చింది ఎండ్రకాయలు. మనం నడుస్తుంటే అన్నీ కన్నాల్లో దూరిపోతాయి. అందరూ గప్‌చిప్‌గా అయిదు నిమిషాలు నిలబడితే ఒక్కొక్కటే బయటికొస్తాయి. మగదానికి ఒక డెక్క ఒంటికి మించి ఉంటుంది, దాన్ని పైకీ కిందకీ ఊపుతూనే ఉంటుంది. ఆడదానికి రెండూ చిన్నవే. నిమిషానికి ఎన్నిసార్లు ఊపిందో మా సార్ రాయించారు, దగ్గరికి ఆడది వస్తే ఎంత పెరిగిందో కూడా. మడ్‌స్కిప్పర్లు ముందు రెక్కల మీద పాకుతుంటే చేపేంటి ఇలా నడుస్తోందని బోటనీ వాళ్లు కూడా వంగి చూశారు. బావురుపిల్లి కనిపిస్తుందని మాత్రం ముందే ఊరించకండి, అది రాత్రి తిరిగే జంతువు. దోమలున్నాయి, ఫుల్ హ్యాండ్స్ వేసుకోమనండి.

రాజమండ్రి గెస్ట్ లెక్చరర్:
థాంక్సండీ ఇద్దరికీ. హోప్ ఐలండ్, ఉప్పాడ రెండూ తీసేశాను. హెర్బేరియంకి (ఎండబెట్టి అతికించి దాచే మొక్కల సేకరణకి) ఆకులు తెచ్చుకోవచ్చా మాస్టారూ? మరి అన్నవరం?

రిటైర్డ్ బోటనీ మాస్టారు, కాకినాడ:
అభయారణ్యంలో అనుమతి లేకుండా ఆకు కూడా కోయకూడదమ్మా. అటవీశాఖకు కాలేజీ లెటర్‌హెడ్ మీద ముందే రాయండి, ఎంతమంది, ఏ తేదీ, ఏం కావాలి అన్నీ. ఇవ్వకపోతే రికార్డులో బొమ్మ గీయించండి, నన్నడిగితే అదే మేలు. గీసేటప్పుడే ఆకులు ఎదురెదురుగా ఉన్నాయా లేదా అని చూస్తారు.

కోరింగ యానాం రోడ్డులో, అన్నవరం తుని వైపు. సత్యదేవుణ్ణి ఇంకో ఆదివారం చూసుకోవచ్చని ప్రిన్సిపాల్ గారికి మీరే మెల్లగా చెప్పాలి.